అరడుగు వెనుక

"ఎనభై ఒకటి," అన్నాడు హనుమండ్లు.

"ఎనభై ఒకటి," అన్నారు చుట్టూ నిలబడ్డ పదకొండు మంది.

అంతే. చప్పట్లు కొట్టరు, భుజం తట్టరు. చెప్పిన అంకెను తిరిగి చెప్పి పక్కవాని వైపు చూస్తారు. కరీంనగర్ డ్యాం కట్ట మీద, మొదటి దీపస్తంభం కింద, పొద్దు పొడవక ముందు రోజూ జరిగేది ఇదే. తాగుడు మాని ఎన్ని రోజులైందో ఎవరికి వారు చెప్పాలి. అంకె తప్ప వెనుకటిదేదీ ఎవరూ అడగకూడదు. తర్వాత ఉరకాలి. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన అజీజా ఈ గుంపును మొదలుపెట్టి ఏడేళ్లయింది. ఆమె పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. ఊళ్లో అందరూ ఉరుకుడు గుంపు అంటారు.

లక్ష్మీరాజం వంతు వచ్చింది.

"రెండువేల మూడువందల పన్నెండు."

అంత పొడుగు అంకెను అందరూ ఒక్క గొంతుతో తిరిగి చెప్పడం ఎప్పుడూ కుదరదు. సగంలో ఎవరో తడబడతారు, ఎవరో నవ్వుతారు.

"నీ లెక్క చెప్పెటాల్లకే దమ్ము అయిపోతది రాజన్నా, ఇగ ఉరుకుడేడిది," అన్నాడు నాగరాజు. అతనిది ఆ రోజు తొమ్మిది.

లక్ష్మీరాజం కూడా నవ్వాడు. ఆ తడబాటు వినడం అతనికి ఇష్టం. ఎందుకిష్టమో ఎప్పుడూ ఆలోచించలేదు.

కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ పాతవాళ్లలో ఒకరు తోడుంటారు. హనుమండ్లుకు లక్ష్మీరాజం తోడు. తోడు ముందు ఉరకకూడదు, గుంజుకుపోతున్నట్టుంటుంది. పక్కన ఉరకకూడదు, పందెమవుతుంది, లేదంటే ముచ్చటవుతుంది. అరడుగు వెనుక ఉరకాలి. ముందున్నవాడికి అడుగుల చప్పుడు వినపడాలి, అంతే. ఈ పద్ధతి అజీజాదే. ఆరేళ్లలో లక్ష్మీరాజం తొమ్మిది మందికి తోడున్నాడు. వాళ్ల ముఖాలకంటే మెడలే అతనికి బాగా గుర్తు.

హనుమండ్లు మెడ వెనుక చర్మం కాయ కట్టి నల్లగా ఉంటుంది. సుల్తానాబాద్ రైసు మిల్లుల్లో పదిహేనేళ్లు బస్తాలు మోసిన గుర్తు. మొదటి రోజుల్లో అతను ఉరుకుతుంటే వీపు మీద బస్తా ఉన్నట్టే ముందుకు వంగేవాడు. ఇప్పుడు ఆ వంపు కొంచెం కొంచెంగా లేస్తోంది. నలభై రోజుల దాకా ఎడమ కాలు ఈడ్చేవాడు, అదీ తగ్గింది. ఇవన్నీ లక్ష్మీరాజానికే తెలుసు, హనుమండ్లుకు తెలియవు. తన పని ఫలితాన్ని దొంగచాటుగా చూసుకుంటున్నట్టు లక్ష్మీరాజం ఆ వీపును చూస్తూ ఉరుకుతాడు.

రెండో స్తంభం దాటుతుండగా అజీజా ఎదురొచ్చింది. అందరి ఫోన్లూ ఉండే గుడ్డ సంచి ఆమె చంకలో ఉంది. ఒక ఫోను చేతిలో ఉంది.

"హనుమండ్లూ, జర ఆగు బేటా."

అతను వేగం తగ్గించాడు.

"సుల్తానాబాద్ నుంచి ఫోనొచ్చింది. మీ అవ్వ... పొద్దుగాల నాలుగింటికట."

తల్లి పోయిందని విన్నా హనుమండ్లు ఆగలేదు. ఆమెను చుట్టి వెళ్లి మూడో స్తంభం దాకా ఉరికాడు. రోజూ చేసినట్టే ఇనుప స్తంభాన్ని అరచేత్తో కొట్టి వెనక్కి తిరిగాడు. లక్ష్మీరాజం అరడుగు వెనుకే ఉన్నాడు. ఆ మెడ మీద చెమట పట్టడం తప్ప అతనికి ఇంకేమీ కనపడలేదు.

మొదటి స్తంభం దగ్గర హనుమండ్లు కూలబడి బూట్ల తాళ్లు విప్పాడు. మళ్లీ కట్టాడు. మళ్లీ విప్పాడు.

"అన్నా."

"చెప్పు తమ్మీ."

"ఇయ్యాల రేపు నేను సూసుకుంట. మూడొద్దుల నాడే కష్టం. పిట్టకు పెడుతరు, అందరు తాగుతరు. మా అవ్వకు కల్లంటే పానం. ఆడ నన్ను ఆపెటోడు ఒక్కడన్న..."

"వస్త," అన్నాడు లక్ష్మీరాజం.

అవతలి మాట పూర్తయ్యే దాకా ఆగలేదు. ఆ తొందర అతని చెవికే వింతగా తగిలింది.

మంగళవారం పొద్దున లక్ష్మీరాజం పని బల్ల ముందు కూర్చుని, రోజూ చేసే పరీక్ష చేసుకున్నాడు. వెంట్రుకంత సన్నటి వెండి తీగ ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని, చేయి చాపి, కిటికీ వెలుగుకు ఎదురుగా దాని కొసను చూశాడు. కొస కదలలేదు. కదలకపోతే పని మొదలుపెడతాడు. తాగే రోజుల్లో ఆ కొస కందిరీగలా వణికేది, చివరికి వెండి పని ఇచ్చేవాళ్లు లేకుండా పోయారు. ఇప్పుడు రెండు నెలలకు సరిపడా పని ఎప్పుడూ చేతిలో ఉంటుంది.

ఆ రోజు పని కుంకుమ భరిణె మూత. మందపు తీగతో ఆకు ఆకారం కట్టి, దాని కడుపులో సన్న తీగ చుట్టలను ఒక్కొక్కటే పట్కారుతో కూర్చాలి. చుట్ట చుట్టకూ మధ్య గాలి మిగలాలి, గాలి ఎక్కువైతే ఆకు నిలవదు. తర్వాత టంకం పొడి చల్లి ఊదుగొట్టంతో మంటను ఊదాలి. ఒక్క క్షణం ఎక్కువ ఊదితే అల్లిందంతా కరిగి బొట్టయిపోతుంది. అతను ఒంటరి మనిషి. మాటకంటే ఈ క్షణమే అతనికి బాగా తెలుసు.

మధ్యాహ్నం అజీజా వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"రేపు పోతున్నవా?"

"పోతున్న ఆపా."

"నువ్వు పోవుడు మంచిదేనా అని."

పట్కారు ఆగింది. "ఆరేండ్లాయె ఆపా."

"ఆరేండ్లని నువ్వంటవ్. తాగుడు అనది," అంది ఆమె. "దానికి ఆరేండ్లు లేవు, అరవై ఏండ్లు లేవు. కూసున్న కాడనే కూసుంటది."

"వాడు రమ్మన్నడు. పోకుంటే తాగుతడు."

"గట్లంటవా." ఆమె అతని చేతుల వైపు చూసింది. "మరి జర సంభాలించుకో."

ఆమె వెళ్లాక అతనికి కోపం వచ్చింది. తనను కూడా తొమ్మిదో రోజు నాగరాజు లెక్కలో కట్టిందనిపించింది. సాయంత్రం దాకా రేపు ఏమనాలో సాధన చేశాడు. 'మందులు వాడుతుండు, డాక్టరు వద్దన్నడు.' 'మొక్కుకున్నడు.' 'కాలేయం చెడింది.' ప్రతి మాటా హనుమండ్లు కోసమే. తన కోసం ఒక్క మాట కూడా సిద్ధం చేసుకోలేదని ఆ సాయంత్రం అతనికి తోచలేదు. ఒక సీసాలో నీళ్లు, కాగితంలో బెల్లం ముక్క పెట్టుకున్నాడు. మనసు లాగితే బెల్లం చప్పరించాలని గుంపులో చెప్తారు.

బుధవారం పది గంటలకే ఎండ ముదిరింది. సుల్తానాబాద్‌లో బస్సు దిగి కాలువ దాటేసరికి ఇరవై ముప్పై మంది పొలం గట్టు మీద వరుసగా నిలబడి కనపడ్డారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. చితి బూడిద ఎత్తిన చోట నీళ్లు చల్లి విస్తరి పెట్టారు. అన్నం, కోడికూర, రెండు సర్వపిండి ముక్కలు, తమలపాకు. ముసలామె జీవితమంతా బీడీలు చుట్టి, సగం తానే తాగింది కాబట్టి ఒక బీడీల కట్ట. పక్కన చిన్న మట్టి ముంతలో కల్లు. గట్టు మీద చింతకొమ్మ నీడలో మూడు పెద్ద కల్లు లొట్లు, నురుగు పొంగి అంచుల మీద ఎండింది.

ఆ వాసన కాలువ గట్టు మీదే అందింది. లక్ష్మీరాజం బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు.

హనుమండ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఉబ్బాయి. కల్లుతో కాదు. లక్ష్మీరాజం వెళ్లి అతని వెనుక నిలబడ్డాడు, అరడుగు దూరంలో.

"వచ్చినవా అన్నా," అన్నాడు తల తిప్పకుండానే.

ఆడవాళ్లలోంచి ఒకామె కొంగు సర్దుకుంటూ వచ్చింది. అతని భార్య తిరుమల. ఏడాదిగా లక్సెట్టిపేటలో తల్లిగారింట్లో ఉంటోంది. "అన్నా, గీ ఒక్క పూట దాటియ్యి," అంది మెల్లగా. "గిది దాటితే నేను కరీంనగరొస్త. దాటకుంటే గిటునుంచి గిటే పోత." జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

పిట్ట రావడం లేదు. పిట్ట ముట్టనిదే ఎవరూ అన్నం తినకూడదు. రెండు కాకులు కరెంటు తీగ మీద కూర్చుని ఉన్నాయి. దిగవు. ఎగిరిపోవు.

"కూరల ఉప్పు తక్కువైందేమో," అన్నాడొకడు.

"ఆమెకు బీపీనాయె, ఉప్పుతోని ఏం పని?"

"బీడీ ముట్టియ్యకుండ పెట్టిన్రు. ఎట్ల దాగుతది?"

ఏడుపు ముఖాల మధ్య నవ్వు పుట్టి వెంటనే అణిగింది. పిల్లలు ఆకలికి గునుస్తున్నారు. హనుమండ్లు మేనమామ గంగయ్య విస్తరి ముందు చేతులు జోడించాడు. "అక్కా, నీ ఇల్లు మేం సూసుకుంటం. నీ మేకలను అమ్మం. రా అక్కా." తీగ మీది కాకి రెక్క సర్దుకుంది. అంతే.

గంట గడిచింది. గంగయ్య తల తిప్పి హనుమండ్లును చూశాడు. ఆ చూపు వెనుక ఇంకా చాలా మంది చూశారు.

"ఆమె ఎందుకు వస్తలేదో నాకెరుకే," అన్నాడు గంగయ్య. "గీడు పుట్టిన ఏడొద్దులకు వీని నాలిక మీద కల్లు సాక పెట్టింది మా అక్క. ఏ పండుగయినా ముందుగాల్ల వీనికి వోసినంకనే తను దాగింది. ఇయ్యాల ఆమె పేరు మీద ఒక్క దొప్ప తాగనంటే, ఆమె కడుపెట్ల నిండుతది?"

"మామా, నేను ఇడిసిపెట్టిన గద," అన్నాడు హనుమండ్లు.

"డిపోల మందు కలిపిన కల్లు ఇడిసిపెట్టు. మేమేమన్న వద్దన్నమా? గిది చెట్టు కల్లు. మన గోపాల్ గౌడ్ పొద్దుగాల దించిండు. గిదేమన్న తాగుడా? గిది అవ్వకు అన్నం పెట్టుడు."

వరుసలో ఎవరో "నిజమే గద" అన్నారు. లక్ష్మీరాజం నివ్వెరపోయాడు. ఎనభై మూడు రోజులు ఒక మనిషి ఒక్కో స్తంభం చొప్పున గెలుచుకున్నది ఇక్కడ ఒక చచ్చిపోయిన మనిషి ఆకలికి కారణమైంది. నిన్నటి మాటలేవీ పనికి రావు. డాక్టరు, మొక్కు, కాలేయం, ఏదీ ఈ ఎండలో నిలబడదు.

గంగయ్య లొట్టి వంచి మోదుగాకు దొప్ప నింపాడు. నురుగు అతని బొటనవేలి మీదుగా కారింది. దొప్పను హనుమండ్లు ముఖం ముందు పట్టాడు.

హనుమండ్లు వెనక్కి కట్టుకున్న చేతుల్లో ఒకటి రెండోదాని మణికట్టును బిగించింది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. అతను మెల్లగా తల తిప్పి లక్ష్మీరాజాన్ని చూశాడు. కట్ట మీద ఎనభై రోజుల్లో ఒక్కసారీ అలా వెనక్కి చూడలేదు.

లక్ష్మీరాజం చేయి ముందుకు చాచాడు.

"ఇటియ్యి మామా. వాని పేరు మీద నేను తాగుత."

"నువ్వెవలయ్యా?"

"వానికి తోడు."

"తోడంటే?"

"ఎనుకుండెటోన్ని."

"ఎనుకుండెటోనివి ముందటికెందుకొచ్చినవ్?" అన్నాడు గంగయ్య. వరుసంతా నవ్వింది. ఆ నవ్వులోనే దొప్ప చేతులు మారింది.

"ఎవ్వలు తాగద్దు పోండ్రా," అంది వెనుకనుంచి చచ్చిపోయినామె చెల్లెలు బాలలక్ష్మి. "పెదవికి అంటిచ్చి నేల మీద వొయ్యిన్రి. అక్క ఏమనుకోదు. మా నాయిన మూడొద్దులనాడు గట్లనే జేస్తిమి గద."

గంగయ్య గడ్డం గోక్కున్నాడు. "గట్ల గూడ జేస్తరు," అన్నాడు ఒప్పుకోలుగా.

దొప్ప అప్పటికే లక్ష్మీరాజం గడ్డం దగ్గర ఉంది. ఆకు అంచు మీదుగా ముందు అతనికి విస్తరి కనపడింది. తర్వాత నీడ కనపడింది. కరెంటు తీగ మీది కాకి ఒకటి దిగి, రెండు గెంతులు వేసి, కోడిముక్కను ముక్కుతో అందుకుంది. అతను స్పష్టంగా చూశాడు. దాని మెడ మీద ఈకలు బూడిద రంగులో ఉన్నాయి.

"ముట్టింది! ముట్టింది!" అని ఎవరో అరిచారు. ముప్పై మంది ఒక్కసారిగా అటు తిరిగి చేతులు జోడించారు. ఆడవాళ్ల ఏడుపు లేచింది.

ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు. ఎవరూ అతన్ని చూడటం లేదు. చేయి ఒక జానెడు దించితే చాలు, నేల తాగేస్తుంది. ఆ జానెడు దూరం అతని ముందు ఎంతో సేపు నిలిచింది. ఊదుగొట్టం ముందు మంటను ఎప్పుడు ఆపాలో తెలిసే ఆ ఒక్క క్షణంలాగే.

అతను తాగాడు. పులుపు, దాని వెనుక తీపి, దాని వెనుక తాటిమట్ట వాసన. చివరి చుక్క కోసం దొప్పను నిలువుగా ఎత్తాడు.

దించేసరికి అందరి వీపులూ కనపడ్డాయి. ఒక్క ముఖమే ఇటు తిరిగి ఉంది. అది హనుమండ్లుది.

ఆ తర్వాత జరిగినవి అతనికి నీళ్ల కింద విన్నట్టు వినపడ్డాయి. గంగయ్య వచ్చి కౌగిలించుకున్నాడు. "ఆరేండ్ల సంది ముట్టలేదట గద, మా పోరని కోసం ముట్టినవ్. నువ్వయ్యా మొగోనివి. ఇంగో దొప్ప?" "వద్దు," అన్నాడు లక్ష్మీరాజం, ఆ 'వద్దు' ఎంతో నిబ్బరంగా వచ్చింది. తిరుమల మొదటి విస్తరి అతనికే వేసి కాళ్లకు దండం పెట్టింది. "మా ఇల్లు నిలవెట్టినవ్ అన్నా," అంది.

బస్సు దాకా హనుమండ్లు వెంట వచ్చాడు. బస్సు కదిలేటప్పుడు, లక్ష్మీరాజం సంచిలో ఉన్న నీళ్ల సీసాను తీసి అతని చేతిలోనే పెట్టాడు.

"నీళ్లు దాగు అన్నా."

గురువారం అతను కట్ట మీదికి వెళ్లలేదు. పొద్దెక్కాక బల్ల ముందు కూర్చుని తీగ ముక్కను వెలుగుకు ఎదురుగా పట్టాడు. వణుకుతుందని ఎదురుచూశాడు. వణికితే బాగుండుననుకున్నాడు.

కొస కదలలేదు.

కళ్లు దగ్గరికి తెచ్చి చూశాడు. చేయి మార్చాడు. నిన్న ఏమీ జరగనట్టు, ఏ లెక్కా తప్పనట్టు ఆ తీగ గాలిలో నిలిచి ఉంది. ఆరేళ్లుగా తన సాక్షి అనుకున్నది అబద్ధం చెబుతోంది. లేదా ఆరేళ్లుగా అది చెప్పిందీ ఇంతేనేమో.

అజీజా, నాగరాజు కలిసి వచ్చారు. ఈసారి ఆమె గడప దాటి లోపలికి వచ్చి కూర్చుంది.

"హనుమండ్లు ఫోన్ జేసిండు, అంత చెప్పిండు," అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "నువ్వు పోవద్దనుకున్న. నా మాట వాపస్ తీసుకుంటున్న."

"ఏం చెప్పిండు?"

"ఇంకేం చెప్తడు? వాని నోటి కాడిది నువ్వు తాగినవని. పొద్దుగాల అందరం కూసోని మాట్లాడినం. అది తాగుడు గాదు. నీ లెక్క తెగది. రేపు రెండువేల మూడువందల పదహారు. అట్లనే చెప్పు."

"నేను నేర్సుకుంటున్న," అన్నాడు నాగరాజు. "రెండువేల, మూడువందల, పదహారు. సూడు, తడబడలే."

చెప్పడానికి లక్ష్మీరాజం నోరు తెరిచాడు. అజీజా చేయి ఎత్తింది. "ఏం చెప్పకు. ఎనుకటిది అడుగది మన గుంపు." అతను నోరు మూసుకున్నాడు. మూసుకోవడం ఎంత సులభంగా ఉందంటే, అతనికి భయమేసింది.

వాళ్లు వెళ్లాక చేతిని మళ్లీ చూసుకున్నాడు. నిబ్బరమైన చేయి. ఏం కాలేదు గదా, అంటోంది ఆ చేయి. పన్నెండు గంటలకు తలుపు గొళ్లెం పెట్టి బయటికి వచ్చాడు. ఆరేళ్లుగా చుట్టు తిరిగి తప్పించుకున్న సందులోకి నేరుగా నడిచాడు. కల్లు డిపో ముందు అవే సిమెంటు అరుగులు, అవే ప్లాస్టిక్ సీసాలు, గోడకు తలానించి కళ్లు మూసుకున్న అవే ముఖాలు.

సీసాలు అందించేవాడు తలెత్తి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"ఏమే రాజన్నా, కనపడ్తలేవు? ఊర్ల లేవా?"

ఆరేళ్లు. ఎక్కడో పక్క ఊరికి పోయి వచ్చినట్టు. లక్ష్మీరాజం నవ్వాడు. ఆ నవ్వు విని తనే ఉలిక్కిపడ్డాడు. రెండు సీసాలు తాగాడు. ఇది ఎవరి పేరు మీదా కాదు.

శుక్రవారం కట్ట మీద గాలి లేదు. మొదటి స్తంభం కింద గుంపు నిలబడి ఉంది. లక్ష్మీరాజం తల పగిలిపోతోంది. దగ్గరికి వెళ్లాక చూశాడు, హనుమండ్లు కూడా ఉన్నాడు. మెడలో తువ్వాలు, కింద మాసిన ధోవతి, కాళ్లకు మాత్రం బూట్లు.

"పది దినాలు ఎల్లకుండ ఎట్లొచ్చినవ్ రా?" అంటోంది అజీజా.

"మొదటి బస్సుకొచ్చిన ఆపా. మామ తిట్టిండు. మల్ల పోత."

అంకెలు మొదలయ్యాయి. నాగరాజు పదమూడు. హనుమండ్లు ఎనభై ఐదు. అందరూ తిరిగి చెప్పారు. లక్ష్మీరాజం వంతు వచ్చేసరికి వాళ్ల ముఖాల్లో ముందే చిన్న వెలుగు వచ్చింది. నాగరాజు పెదవులు చప్పుడు లేకుండా ఆడుతున్నాయి.

"ఒకటి," అన్నాడు లక్ష్మీరాజం.

ఎవరూ తిరిగి చెప్పలేదు.

"గట్ల కాదు రాజం," అంది అజీజా. "నీ లెక్క తెగలే అనుకున్నం గద. తెగిందనుకున్నా బుధవారం నుంచి రెండు గావాలె."

"నిన్న డిపోకు వోయిన ఆపా."

ఆమె చంకలోని సంచి జారింది. పట్టుకుంది.

"బుధవారం నాడు పిట్ట ముందే ముట్టింది. నా కండ్లతోని సూసిన. పెదవికి అంటిచ్చి నేల మీద వొయ్యిన్రని ముసలవ్వ గూడ చెప్పింది. అన్ని విన్నంకనే తాగిన. వాని కోసం గాదు."

డ్యాం నీళ్ల మీద ఏదో పక్షి అరుచుకుంటూ పోయింది. నాగరాజు ముఖంలో రక్తం లేదు.

"నిన్నంత నీ ముచ్చట వట్టుకోనే ఉన్న," అన్నాడతను. "డిపో ముందలకెల్లి రెండుసార్లు నడిసిన. రాజన్న అసొంటోడు ఉండంగ నాకేంది అనుకుంట నడిసిన. అప్పుడు నువ్వు లోపటున్నవా?"

నాగరాజు గుంపులోంచి నాలుగడుగులు వెనక్కి పోయి, కట్ట గోడకు ఆనుకుని, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఒకటి," అన్నాడు హనుమండ్లు.

మెల్లగా అన్నాడు. తర్వాత అజీజా అంది. తర్వాత ఒక్కొక్కరు, వేరువేరుగా, కొందరు లోగొంతుతో. చిన్న అంకె, అయినా కలిసి రాలేదు. నాగరాజు అనలేదు.

అందరూ ఉరకడానికి కదిలారు. హనుమండ్లు కూర్చుని బూటు తాడు బిగిస్తున్నాడు. లక్ష్మీరాజం అతని పక్కన వంగాడు.

"నువ్వు సూసినవ్ గద. పిట్ట వచ్చినంకనే తాగిన."

"సూసిన."

"మరి ఆపాకు ఎందుకు చెప్పలే?"

హనుమండ్లు తాడును రెండో ముడి వేశాడు.

"చెప్తే నాది గూడ చెప్పాల్సొస్తది అన్నా."

"నీదేంది?"

"నువ్వు తాగుతుంటే నా గొంతుల గుటక వడ్డది." అతను తల ఎత్తలేదు. "దొప్ప ముందల వెట్టినప్పుడు నేను ఎనుకకు తిరిగి సూసింది, నువ్వు ఆపుతవని గాదు. ఒక్కటి తాగుపో తమ్మీ అంటవేమో అని."

లక్ష్మీరాజం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆ చూపును తను ఎలా చదువుకున్నాడో, దాని మీద చేయి ఎంత గొప్పగా చాచాడో గుర్తొచ్చింది. ఆ గట్టు మీద ఆపేవాడు ఒక్కడూ లేడు. ఇద్దరూ ఒకే దొప్పను చూస్తున్నారు. ఒకడి చేయి ముందు లేచింది, అంతే.

హనుమండ్లు లేచి నిలబడ్డాడు. లక్ష్మీరాజం అలవాటుగా అతని వెనక్కి జరిగాడు. హనుమండ్లు కదలలేదు.

"నువ్వు నడువు."

"నేనా?"

"ఒకటి గద," అన్నాడు హనుమండ్లు. "ఒకటోడే ముందుండాలె."

లక్ష్మీరాజం ముందుకు వచ్చాడు. ఆరేళ్లలో మొదటిసారి అతని ఎదుట మెడ లేదు, వీపు లేదు. ఖాళీ కట్ట, వరుసగా స్తంభాలు, ఒకవైపు నీళ్లు. ఉరకడం మొదలుపెట్టాడు. కాలు బరువుగా పడింది. వాంతి వచ్చేలా ఉంది. రెండో స్తంభం దగ్గర ఆగిపోదామనుకున్నాడు.

వెనుక అడుగులు వినపడ్డాయి. తన అడుగు పడిన రవ్వంత తర్వాత అవి పడుతున్నాయి. ఎడమ కాలు, చెవి పెట్టి వింటే, ఇంకా కొంచెం ఈడుస్తోంది. ఆ సంగతి వెనుకనుంచి చూసినప్పుడు అతనికి కనపడలేదు.

వాటి వెనుక, దూరంగా, ఇంకో జత అడుగులు మొదలయ్యాయేమో అనిపించింది. నాగరాజువి కావచ్చు. కాకపోవచ్చు. తిరిగి చూడాలనిపించింది.

చూడకుండా మూడో స్తంభం వైపు ఉరికాడు.